మూత వాలినప్పుడు

కుతైసీ బజారులో, మెట్ల కింద
గొడుగు తెరిస్తే నిండిపోయేంత కొట్టు నాది.
నెలలో మూడోసారి వచ్చింది లమారా టీచరు,
సంచిలో లాప్‌టాప్, దాని మీద ఉల్లికాడలు.
"మల్ఖాజ్, మళ్ళీ పోతోంది" అంది
పెంచుకున్న పిల్లి గురించి చెబుతున్నట్టు.

మొదటిసారి ఆర్పి, వెలిగించి ఇచ్చాను.
అందరూ చేసేదే, సిగ్గు లేకుండా నేనూ చేశాను.
రెండోసారి
పాత డ్రైవర్ పీకి కొత్తది వేశాను,
కరెంటు మిగిల్చే దాని పిసినారి బుద్ధి మాన్పించాను.
ఆ ఇంటి వైఫైని పూర్తిగా మరిచిపొమ్మని
మళ్ళీ కొత్తగా పరిచయం చేశాను.
రౌటర్‌ని బీరువా వెనక నుంచి
కిటికీ గట్టు మీదికి మార్పించాను.
ఏదీ కుదరక పక్కింటి మైక్రోవేవ్ మీద నింద వేశాను.
పక్కింట్లో మైక్రోవేవే లేదట.

నా బల్ల మీద మాత్రం
మూడు రోజులు ఒక్క గీత తగ్గలేదు.
డాక్టరు ముందు కూర్చుంటే
దగ్గు రాదు చూడండి, అలాగ.

ఈసారి నేనే వెళ్ళాను.
నాణెం మింగితేగానీ కదలని లిఫ్టు,
జేబులో చిల్లర లేదు,
నాలుగు అంతస్తులు తిట్టుకుంటూ ఎక్కాను.

వంటింట్లో చదరంగం.
గళ్ళబల్ల ఒకటి టీచరు ముందు,
అలాంటిదే ఇంకొకటి తెరలో, లుఖుమ్ ముందు.
తొమ్మిదేళ్ళవాడు, ఎక్కడో మంచుకొండల్లో,
ఇంట్లోనూ ఉన్ని టోపీ తీయడు.
నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.
నేనో మూల అక్రోటుకాయలు కొట్టుకుంటూ
పాఠం వినకుండా గీతల్నే చూస్తున్నాను.

వాడు శకటుని కదిపాడు.
మా వాళ్ళు దాన్ని తాబేలు అంటారు.
ఆ తాబేలు తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి
గుర్రం కాళ్ళ కింద కూర్చుంది.

టీచరు మొహం పాలు విరిగినట్టయింది.
వెంటనే చెయ్యి లేచి
మూతని కాస్త ముందుకు వంచింది,
మొహం తప్పించి
చేతులూ బల్లా మాత్రమే వాడికి కనబడేలా.
నాలుగు గీతలు. రెండు.
లుఖుమ్ తెరిచిన నోరు తెరిచినట్టే
ఆగిపోయాడు.

మూత ఎత్తాను, వచ్చాడు.
వంచాను, పోయాడు.
"ఇలా ఎందుకు వంచుతారు?"
"నా మొహానికి అబద్ధం రాదు, మల్ఖాజ్.
పిల్లలు ఎదురుగా కూర్చునే రోజుల్లో
టీ కలుపుకునే వంకన లేచి వెళ్ళేదాన్ని.
ఇందులో ఎక్కడికి లేస్తాను?"

ఆ బల్ల మీదే మరలు విప్పాను.
తెర చుట్టూ పాకి
కీలులోంచి కిందికి దిగే తీగలు రెండు,
నల్లది ఒకటి, తెల్లది ఒకటి.
తెల్లది నలిగి నలిగి
ఒక్క పోగు మీద వేలాడుతోంది.
ఎన్ని తప్పుటెత్తులకి
ఎన్నిసార్లు వంగిందో ఆ మూత!
"పోయింది తెల్లదండీ" అన్నాను.
"ఎప్పుడూ తెల్లదేగా ముందు" అంది,
నవ్వకుండా.

చచ్చిన మెషీన్లోంచి ఒక తీగ లాగి వేశాను.
డబ్బు వద్దన్నానని చెప్పను. తీసుకున్నాను,
కాకపోతే సగం.

వారం తర్వాత వచ్చింది,
ఈసారి సంచిలో ఉల్లికాడలు మాత్రమే.
"పోవడం లేదా?"
"లేదు. గంటకి గంటా నిలబడుతోంది."
మంచి మాట చెప్పే గొంతులా లేదు.
"వాడు నిన్న అడిగాడు మల్ఖాజ్,
'టీచర్, ఈ మధ్య నెట్ పోవడమే లేదు,
నేను అన్నీ మంచి ఎత్తులే వేస్తున్నానా?' అని."

స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది.
దేన్ని విప్పాలో తెలియలేదు.